ధనభాగ్యానికి పడనివి

ధనభాగ్యం చేసినంత కమ్మగా వంకాయ పులుసు ఆ మిల్లు లైను ఇళ్లలో ఇంకెవరూ చేయలేరని ఆమె అత్త రాజమ్మాళే ఊరంతా చెప్పుకునేది. చెప్పి, గిన్నెను కోడలి ముందు నుంచి పక్కకు లాగేసేది. "నీకు పడదు కదా అమ్మీ, ఏంటికి ఆశ?" వంకాయ ఒక్కటే అయితే పోనీలే అనుకోవచ్చు. పెదవి వాచిన రోజు వంకాయ పోయింది. కన్ను మూసుకుపోయిన రోజు ఎండుచేప పోయింది. తర్వాత వేరుశనగ, ఆ తర్వాత కోడిగుడ్డు. వాపు వచ్చినప్పుడల్లా ఆమె కంచంలోంచి ఒకటి తగ్గింది గానీ వాపు మాత్రం తగ్గలేదు. చివరికి రసమూ మజ్జిగా మిగిలాయి. తినకూడనివన్నీ వండేది మాత్రం ఆమే. ఉప్పు సరిపోయిందో లేదో నాలుక మీద వేసి చూసుకోవడానికి కూడా వీల్లేదు, ఉప్పు తప్పితే మాత్రం తిట్లన్నీ ఆమెకే.

సింగానల్లూరు దగ్గరి మిల్లులో ఆమెది రీలింగు పని. కండెల మీది నూలును చిలపలుగా చుట్టాలి, తెగిన పోగు ముడి వేయాలి. పని ఎక్కువైన మర్నాడు కుడిచేయి బన్నులా ఉబ్బేది. దురద ఉండదు, దద్దుర్లు ఉండవు. "పని అంటే చాలు, చెయ్యి వాస్తుందా నీకు? నల్ల నడిప్పు!" అనేవాడు మేస్త్రీ సుందరమూర్తి, ఆమెది నాటకమని పదిమందికీ వినిపించేలా. మిల్లు డాక్టరు అలర్జీ అని సూది వేసేవాడు. దాంతో ఒరిగేదేమీ లేదు. రెండు రోజులకు వాపు దానంతట అదే తీసేది, అదీ ఆమె తప్పే అయ్యేది. "చూస్తివా, లీవు అయిపోతానే వీక్కం పోయింది" అని రాజమ్మాళ్ పక్కింటివాళ్లకు చెప్పేది. కొన్నిసార్లు వాపు కడుపు లోపల వచ్చేది. అప్పుడు ధనభాగ్యం వాంతులు చేసుకుంటూ నేల మీద మెలికలు తిరిగేది. పైకి కనిపించని నొప్పిని ఆ ఇంట్లో ఎవరు నమ్ముతారు! ఆ మెలికల మధ్యే లేచి పొయ్యి రాజేసేది.

మూడో బిడ్డ పుట్టాక, ఇక పిల్లలు వద్దని మాత్రలు తెచ్చింది భర్త కోదండరామనే. తాను ఆపరేషన్ చేయించుకోవడమనే మాట అతని నోట ఒక్కసారైనా రాలేదు. "దినం ఒకటి మింగేదానికి నీకేమి కష్టం?" అన్నాడు. నిజమే, కష్టమేముంది, ఇల్లు నడిచేదే ఆమె మింగుడు మీద. మాత్రలు మొదలైనప్పటి నుంచి నెలకోసారి వచ్చే వాపు వారానికోసారి రాసాగింది. ఆమె నోట్లోకి పోయే ప్రతి మెతుకునూ అనుమానించిన ఆ ఇల్లు, ఆ మాత్రను మాత్రం అనుమానించలేదు.

ఒకరోజు మిషను దగ్గరే ఆమె గొంతు బిగుసుకుంది. ముందు మాట బొంగురుపోయింది, కాసేపటికి ఊపిరి అందలేదు. పక్క మిషను మూకాయి ఆమెను ఆటోలో పడేసుకుని ఆస్పత్రికి పరుగెత్తింది. గొంతు కింద గాటు పెట్టి, గొట్టం వేసి బతికించారు. రక్తం తీసి పరీక్షకు మద్రాసు పంపారు.

ఫలితం వచ్చాక లేడీ డాక్టరు తమిళంలో విడమరిచి చెప్పింది. రక్తంలో క్రిములతో పోరాడే కాంప్లిమెంట్ ప్రోటీన్లు ఉంటాయట. ఒకటి ఇంకొకదాన్ని లేపుతూ పోతాయట. ఇక చాలు, ఆగండి అని వాటికి పగ్గం వేసే ప్రోటీన్ వేరే ఉందట, దాని పేరు సి-వన్ ఇన్హిబిటర్. ధనభాగ్యం రక్తంలో అది పుట్టుకతోనే తక్కువ. పగ్గం లేక, చిన్న దెబ్బకూ చిన్న దిగులుకూ రక్తనాళాల్లోంచి నీరు ఊరి ఒళ్లు వాస్తుంది.

"ఇది అలర్జీ కాదమ్మా, అందుకే ఆ సూదులు పనిచేయలేదు. నువ్వు మింగుతున్న మాత్ర ఉన్న కాస్త ప్రోటీన్‌నీ తగ్గిస్తుంది. ఇక దాన్ని ముట్టుకోకు. నీకు ఆపరేషన్ చేస్తే మళ్లీ గొంతు వాచే భయం ఉంది. మీ ఆయన చేయించుకుంటే చిన్న పని, సాయంత్రానికి నడిచి ఇంటికి పోతాడు."

"తిండి?" అంది ధనభాగ్యం, గుసగుసగా.

"తిండికీ దీనికీ సంబంధం లేదు. ఏదైనా తిను."

ఆమె అక్కడే కుర్చీలో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. మూకాయి బిత్తరపోయింది. "ప్రాణం పొయ్యేటప్పుడు ఏడవలేదు, తిండి మాటకు ఏడుస్తావేమక్కా?" ఇన్నేళ్లూ తాను పడిన ఆకలి అసలు పడనక్కర్లేని ఆకలని ఎలా చెప్పాలో ధనభాగ్యానికి తెలియలేదు.

ఇంటికి వచ్చేసరికి కోదండరామన్ మధ్యాహ్నం షిఫ్టుకు బయల్దేరుతున్నాడు. ఆమె అంతా చెప్పింది. "నీవు చేసుకోవాలంట, మామా."

అతను నవ్వాడు. "పత్తి బేళ్లు ఎత్తేవాణ్ణి నేను. నా ఒంటిమీద కత్తి పెడితే పని ఎవుడు చేసేది? మిల్లులో తల ఎత్తుకోని తిరగొద్దా?"

"ఆంబళని, మొగోణ్ణి కోసేదా!" అని రాజమ్మాళ్ గుండెలు బాదుకుంది. "అర మాత్ర వేసుకో అమ్మీ. అర ఏమీ చెయ్యదు."

ధనభాగ్యం కొంగు తొలగించి గొంతు మీది గాటు చూపించింది. అది ఇంకా ఎర్రగానే ఉంది. కోదండరామన్ ముఖం తిప్పుకున్నాడు, అలాంటివి చూస్తే తనకు తల తిరుగుతుందన్నాడు. తర్వాత లోపలికి వెళ్లి, టంబ్లరులో నీళ్లూ అరచేతిలో మాత్రా పట్టుకుని వచ్చాడు. పెళ్లయి పన్నెండేళ్లు, అతను ఆమెకు నీళ్లు తెచ్చివ్వడం అదే మొదలు.

"వేసుకో. ఏమీ కాదు. నేనుండాను కదా."

ఆమె టంబ్లరు అందుకుంది. దాహంగానే ఉంది, నీళ్లు మొత్తం తాగింది. మాత్ర ఉన్న అతని అరచేతిని మెల్లగా మూసేసింది.

"ఇంక నేను పిల్లల కాడ పండుకుంటాను, మామా. నీవు చేసుకోని వచ్చినాక పిలువు. అప్పుడు కూడా, వచ్చేదా లేదా అనేది నేను చెప్తాను."