శుక్లం పట్టిన హరికేన్

నేను ఒక పిరికి యుద్ధవిమానాన్ని. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. నా పేరు హరికేన్, అంటే తుఫాను. రెండో ప్రపంచయుద్ధంలో ఇదే పేరుతో, ఇదే ఆకారంతో అసలు విమానాలు బర్మా అడవుల మీద ఎగిరాయట, మనవాళ్ళు కూడా వాటిని నడిపారట. నా అట్టపెట్టె మీద రాసి ఉంది కాబట్టి చెబుతున్నాను గానీ నేను చూసింది కాదు. నేను జానెడు కూడా లేని ప్లాస్టిక్ నమూనాని. పేరు గొప్ప ఊరు దిబ్బ అన్నట్టు, పంకా కొంచెం జోరుగా తిరిగినా నాకు గుండె దడ.

ఆ భయం పుట్టుకతో వచ్చింది. కరిగిన ప్లాస్టిక్‌ని ఇనప అచ్చులోకి నెట్టి నొక్కడమే మా పుట్టుక. ఆ వేడీ ఆ నొక్కుడూ తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. పోనీ బయటికొచ్చేసరికి విమానంలా ఉన్నానా అంటే అదీ లేదు. రెక్కలు ఒక మూల, తోక ఒక మూల, చక్రాలు ఇంకో మూల, అన్నీ ఒక చట్రానికి వేలాడుతూ ఉన్నాయి. మనుషులు కూడా పిల్లల్ని ఇలా ముక్కలుగా కని తీరిగ్గా అతికించుకుంటారు కాబోలని చాలాకాలం అనుకున్నాను.

సికింద్రాబాదులో ఒక బొమ్మల కొట్లో పై అరలో పడి ఉండేదాన్ని. చీకటి, దుమ్ము, అప్పుడప్పుడు బల్లి. ఎవరైనా చెయ్యి చాస్తే వీళ్ళు నన్నేం చేస్తారో అని హడలిపోయేదాన్ని, చాపకపోతే నన్నెవరూ కొనరేమో అని దిగులు. ఒకరోజు నెరిసిన జుట్టూ నేత చీరా ఉన్న ఒక పెద్దావిడ వచ్చి, అన్నిటికన్నా చిన్న చిన్న ముక్కలున్నది ఏదుంటే అది ఇవ్వమని అడిగింది. మనవడికా అని కొట్టతను అడిగితే కాదు, నాకే అంది. అతను నన్ను దించి దుమ్ము దులిపాడు.

ఆవిడ కాకినాడలో కంటి డాక్టరు, పేరు వారిజ. ఊళ్ళో అందరూ డాక్టరమ్మ అంటారు. శుక్లాలు తియ్యడానికి ఆవిడ పెట్టింది పేరు. ఇంట్లో ఆవిడా, భర్త భాస్కరమూర్తిగారూ ఇద్దరే. ఆయన కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఈ వయసులో విమానాల పిచ్చేమిటని ఆయన అడిగితే కాలక్షేపానికి అని చెప్పి ఊరుకుంది. ఆయన నమ్మేశారు. లెక్కల మాస్టార్లు ఇంట్లోవాళ్ళు చెప్పింది ఇట్టే నమ్మేస్తారు పాపం.

మధ్యాహ్నం భోజనాలయ్యాక బల్ల తుడిచి, పాత దుప్పటి పరిచి నన్ను ముందేసుకుని కూర్చునేది. కళ్ళకి భూతద్దాలు, చేతిలో సన్నని బ్లేడు. బ్లేడు చూసి నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఒక్కో ముక్కనీ చట్రం నుంచి కోసి, అంచు గీకి, జిగురు రాసి అతికించేది. ఆవిడకో అలవాటుంది. కత్తి పట్టిందంటే చాలు, ఎదురుగా ఉన్నది మనిషో బొమ్మో చూడకుండా "ఏం కాదు, కదలకండి" అంటుంది. వేలమంది రోగులకి చెప్పీ చెప్పీ నోటికి పట్టేసిందన్నమాట. నా రెక్క అతికిస్తూ అదే మాట అంది.

నేను కదల్లేదండీ. కదిలింది ఆవిడ చెయ్యి.

మొదట నా భ్రమేమో అనుకున్నాను. లోహంలాగా గట్టి చెయ్యి, ఉన్నట్టుండి కుడి బొటనవేలి దగ్గర మొదలై మణికట్టు దాకా సన్నగా వణికింది. ఆవిడ ఆగి, ఊపిరి పీల్చుకుని, మళ్ళీ మొదలుపెట్టింది. భాస్కరమూర్తిగారి చెప్పుల చప్పుడు వినగానే ఆ చేతిని కొంగులో దాచుకుంది. అప్పుడర్థమైంది, నన్ను ఎందుకు కొందో. ఈ చెయ్యి ఇంకా పనికొస్తుందా లేదా అని పరీక్ష చేసుకోడానికి కొంది. ఆ పరీక్షకి కాగితం నేనే. కుడితిలో పడ్డ ఎలకలా అయిపోయింది నా పని.

ఆస్పత్రిలో ఆపరేషన్లన్నీ నడుంనొప్పి వంక పెట్టి తన దగ్గర పని నేర్చుకున్న డాక్టర్ ఇబ్రహీంకి అప్పగించేసి, తను రోగుల్ని చూడడం మాత్రమే పెట్టుకుందట. ఫోనులో మాట్లాడుతుంటే విన్నాను. అలాగే గడిచిపోయేదేమో. కానీ పిఠాపురం నుంచి రాజ్యంగారి కబురొచ్చింది.

రాజ్యంగారు భాస్కరమూర్తిగారి అక్కయ్య, డాక్టరమ్మకి వదిన. ఆవిడకున్నది ఒక్క కన్నే. చిన్నప్పుడు బిళ్ళంగోడు ఆడుతుంటే బిళ్ళ ఎగిరొచ్చి కుడికన్ను పోయింది. ఆ బిళ్ళ కొట్టింది భాస్కరమూర్తిగారే. అక్కయ్య ఏనాడూ ఒక్క మాట అనలేదు, తమ్ముడు ఏనాడూ మరిచిపోలేదు. ఇప్పుడు ఆ మిగిలిన కంటికి శుక్లం ముదిరింది. పరాయివాళ్ళ చేత చేయించుకునేది లేదు, చేస్తే మా వారిజే చెయ్యాలి అని ఆవిడ పట్టు. అక్కయ్యకి ఆ కన్ను తిరిగొస్తే తన బరువు కాస్త దిగుతుందని ఈయన ఆశ. రోజూ అడిగేవారు, డాక్టరమ్మ రోజూ చూద్దాం అనేది. కన్ను ఒక్కటే, పోతే మళ్ళీ రాదు. నా రెక్కలు విరుగుతాయన్న భయం పోయి, అప్పట్నుంచీ ఎప్పుడూ చూడని ఆ ముసలావిడ కన్ను తలుచుకుని భయపడడం మొదలుపెట్టాను.

ఇంతలో నాకే గండం వచ్చింది. పైలట్ కూర్చునే చోటు మీద బోర్లించే ప్లాస్టిక్ అద్దం ఒకటుంటుంది. మా హరికేన్లకి ఆ అద్దం మీద పాతకాలపు కిటికీకి ఉన్నట్టు కమ్ములుంటాయి. దాన్ని అతికించేటప్పుడు తొందరపడి, క్షణంలో పట్టేసే ఘాటు జిగురు వాడింది. ఆ జిగురు ఆవిరి అద్దానికి పడదు. కాసేపటికి చూస్తే లోపలంతా తెల్లగా పొర కమ్మేసింది. నాకేమీ కనిపించలేదు. కెవ్వుమని అరుద్దామంటే నోరు లేదు.

డాక్టరమ్మ నన్ను వెలుతురుకెత్తి చూసి, ముందు నవ్వింది. ఊరందరికీ శుక్లాలు తీసి నీకు నేనే తెప్పించానా అంది. తరవాత నవ్వు ఆగిపోయింది. అద్దాన్ని ఊడదీసి రుద్దితే పొర పోతుంది, కానీ ఊడదీసేటప్పుడు బ్లేడు కాస్త జారినా అద్దం పగులుతుంది. ఆవిడ నావంకే చూస్తూ, ఎవరితోనో ఒప్పందం చేసుకుంటున్నట్టు పైకే అంది.

"ఇది పగలకుండా వస్తే వదినకి నేనే చేస్తాను."

ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే ఏమిటో అప్పుడు తెలిసింది. అద్దం పగిలితే నేను గుడ్డిదాన్ని. పగలకపోతే ఆ చెయ్యి రాజ్యంగారి కంటి మీదికి వెళుతుంది. భయంతో నాకు దేవుడికి దండం పెట్టుకోవాలని కూడా తోచలేదు. తోచినా ఏమని దండం పెట్టుకోను?

ఆవిడ బ్లేడు అందుకుంది. అప్పుడే గదిలోకొచ్చిన భాస్కరమూర్తిగారు పక్కన నిలబడి, అడిగింది అందిస్తున్నారు. చెయ్యి వణకలేదు. అంచు చుట్టూ బ్లేడు వెన్నలోకి దిగినట్టు దిగింది. ఎక్కడా చిన్న చప్పుడు లేదు. అద్దం మొత్తం ఊడి ఆవిడ అరచేతిలోకి వచ్చేసింది. ఆ ముఖం చూడాలి మీరు, పెళ్ళినాటి ముఖం అలాగే ఉండి ఉంటుంది. పళ్ళపొడి ముద్ద పెట్టి పొర పోయేదాకా అద్దం రుద్దింది. ఈసారి తెల్ల జిగురుతో అతికించింది. చేతులు తుడుచుకోకుండానే పిఠాపురం ఫోను చేసి, గురువారం వచ్చెయ్యండి వదినా, నేనే చేస్తాను అని చెప్పేసింది. భాస్కరమూర్తిగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆ ఇంట్లో భయపడుతున్నది నేనొక్కదాన్నే.

ఇక మిగిలింది అద్దం మీది కమ్ములకి రంగు వెయ్యడం. మామూలుగా ఎవరైనా సన్నని టేపు అంటించి, రంగు పూసి, టేపు లాగేస్తారు. గీత దానంతటదే తిన్నగా వస్తుంది. డాక్టరమ్మ టేపు ముట్టుకోలేదు. నాలుగు వెంట్రుకలు మిగిలిన కుంచె తీసి, ఊపిరి బిగబట్టి, ఒట్టి చేత్తో గీత లాగింది. తిన్నగా వచ్చింది. రెండోదీ వచ్చింది. ఆ వరసలోవన్నీ వచ్చాయి. నాకు కూడా ధైర్యం రాబోయింది, ఒట్టు.

వెనకవైపు కమ్మి దగ్గర చెయ్యి మళ్ళీ వణికింది. కుంచె అద్దం మీదికి జారి గీత పాములా మెలికలు తిరిగింది. దూదిని థిన్నర్‌లో ముంచి తుడిచేసింది. మళ్ళీ గీసింది, మళ్ళీ జారింది. మళ్ళీ తుడిచింది. భర్త పక్కగదిలో పేపరు చదువుకుంటున్నారు. ఎవరూ చూడలేదు. తుడిచేస్తే ఆనవాలు కూడా ఉండదు. ఇంకోసారి గీసింది, అదీ వంకరే పోయింది. దూది చేతిలోకి తీసుకుంది. నేను లోపల్లోపల బతిమాలుకున్నాను, తుడవకమ్మా, ఇలాగే వదిలెయ్యి, నాకేం పరవాలేదు అని. బొమ్మ మాట ఎవరు వింటారు? కానీ ఆవిడ దూది కింద పెట్టేసింది.

"కంట్లో తుడవడానికుండదు," అని గొణుక్కుంది.

అప్పుడే ఇబ్రహీంకి ఫోను చేసి, గురువారం మా వదిన కేసు నువ్వే చెయ్యాలి, నేను పక్కన నిలబడతాను అంది. అతనికి కూడా కారణం చెప్పలేదు. రాజ్యంగారికి మాత్రం, సొంతవాళ్ళకి కత్తి పట్టకూడదని మా డాక్టర్లలో ఒక ఆచారం ఉంది వదినా అని ఏదో సర్దిచెప్పబోయింది. అవతలి గొంతు నాకు కూడా వినిపించింది. మా నాన్నకి చేసినప్పుడు ఆ ఆచారం ఏమైంది, ఒంటికన్నుదాన్నని నాకు చెయ్యడానికి మనసు రాలేదా అని అడిగి, ఫోను పెట్టేసింది. భాస్కరమూర్తిగారు భార్యతో మాట్లాడడం మానేశారు. ఆ వారమంతా బల్ల మీద కంచాల చప్పుడు తప్ప మనిషి గొంతు వినలేదు నేను. ఒక్క మాట చెబితే తీరిపోయేది. ఇన్నేళ్ళుగా ఎంతోమందికి భయపడకండి అని చెప్పిన మనిషి, ఆ ఒక్క మాట చెప్పడానికి నాకన్నా ఎక్కువ భయపడింది.

ఆపరేషన్ బాగా జరిగింది. కట్టు విప్పాక, తమ్ముడు బతిమాలితే రాజ్యంగారు ఈ ఇంటికి భోజనానికొచ్చింది. నల్లకళ్ళజోడు, మూతి బిగింపు. డాక్టరమ్మ వడ్డిస్తుంటే చాలు చాలు అనడం తప్ప వేరే మాట లేదు. భోజనమయ్యాక ఏం తోచక గోడల వంక, బొమ్మల వంక చూస్తూ నా దగ్గరికొచ్చింది. నన్ను చేతిలోకి తీసుకుని, కళ్ళజోడు పైకి నెట్టి, కంటికి దగ్గరగా పెట్టుకుంది. ఆ కన్ను ఎంత తేటగా ఉందో! నా లోపల పైలట్ కుర్చీ పట్టీల దాకా చూసేసింది. నాకు సిగ్గేసింది, భయమూ వేసింది.

"ఇంత చక్కగా చేశావు, వెనకాల ఈ గీత ఒక్కటీ వంకరపోయిందేం వారిజా?"

ఆ ఇంట్లో ఆ గీత అంతవరకూ డాక్టరమ్మకి తప్ప ఎవరికీ కనపడలేదు. భాస్కరమూర్తిగారు కళ్ళజోడు సర్దుకుని వచ్చి వంగి చూశారు. డాక్టరమ్మ చేతిలో మజ్జిగ గ్లాసుంది. టేపు జారిందనొచ్చు, కుంచె పాడైపోయిందనొచ్చు. ఆవిడ గ్లాసు కింద పెట్టింది.

"నా చెయ్యి వణుకుతోంది వదినా. చాన్నాళ్ళైంది."

భాస్కరమూర్తిగారు దగ్గరున్న కుర్చీలో కూలబడ్డారు. రాజ్యంగారు నన్ను డాక్టరమ్మ చేతికిచ్చింది. ఆ చెయ్యి ఈసారి కొంగులోకి వెళ్ళలేదు. అందరి ముందూ గడగడా వణికింది, దాంతో నేనూ వణికాను, నా ముక్కు మీది పంకా టకటకా కొట్టుకుంది. రాజ్యంగారి కన్ను నీళ్ళతో నిండిపోయింది. ఏడవకూడదు వదినా, కుట్టు పచ్చిగా ఉంది అని డాక్టరమ్మ కంగారుపడింది.

"మరి నీ చెయ్యి ఎవరికి చూపించుకున్నావు?" అనడిగింది రాజ్యంగారు.

ఎవరికీ చూపించుకోలేదని డాక్టరమ్మ తల అడ్డంగా తిప్పింది. ఏం చెబుతారో వినడానికి భయమేసిందని ఒప్పుకుంది.

"రేపు పద, నేను తీసుకెళతాను. దారి నాకు బాగానే కనిపిస్తోంది."

ఆ మాట అని రెండు చేతులతో ఆ వణికే చేతిని గట్టిగా మూసేసింది. భాస్కరమూర్తిగారు లేచి వచ్చి ఆ ఇద్దరి చేతుల మీద తన చెయ్యి వేశారు. మధ్యలో నేనున్న సంగతి ముగ్గురూ మరిచిపోయారు. నా చక్రం ఒకటి పుటుక్కున విరిగింది. నొప్పేసింది, మామూలుగానే భయమూ వేసింది, అయినా ఆ చేతులు విడిపోకూడదని అలాగే ఉన్నాను.