దూది పెట్టిన చెవి

పొద్దున్నే బాయిలర్ వేడెక్కగానే ఆ లాండ్రీలో పని మొదలయ్యేది. ఇస్త్రీ అమ్మాయి ఆస్పత్రి దుప్పట్లు ఇస్త్రీ చేసి మడతలు పెట్టేది. యజమాని చెవుల్లో దూది పెట్టుకుని గాజు గదిలో కూర్చునేవాడు. ఆయన చెవిన పడిన మాట బయటికి పోకుండా చెవిలోనే నిలిచిపోయేది. దూది తీస్తే పక్కవాళ్ళకూ వినిపించేది. ఆయన చిన్నప్పటి బడిగంట ఇంకా ఆ కుడిచెవిలో మోగుతోందని, దానివల్ల తనకు నిద్ర కరువైందని ఆయన భార్య విసుక్కునేది.

అమ్మాయికి మాత్రం సూపర్‌వైజర్ చెప్పుల చప్పుడంటే హడలు. ఆవిరి కమ్మగానే మడత చూసే నెపంతో వెనకనుంచి వచ్చి నడుము మీద చెయ్యి వేసేవాడు. "ఉద్యోగం నిలవాలంటే నా దయ ఉండాలి" అనేవాడు. ఇంట్లో తండ్రి మంచం పట్టాడు. పొయ్యి వెలిగేది ఆమె పనితోనే.

ప్యాకింగ్ అక్కతో చెప్పుకుంటే ఆవిడ కసిరింది. "నోరు మూసుకో పిల్లా! గోడలకు చెవులుంటాయి."

"గోడలకెందుకక్కా? అయ్యగారికి ఉన్నాయిగా!"

అక్క నవ్వలేదు.

అమ్మాయి వెళ్ళి యజమానితో చెప్పింది. ఆయన ఎడమచెవి దూది తీసి అంతా విని, మళ్ళీ కూరుకున్నాడు. "చూద్దాంలే. నువ్వూ కాస్త సర్దుకుపో" అన్నాడు.

మర్నాడు సూపర్‌వైజర్ ఆమెను వెనక గోదాములో పని చేయమన్నాడు. ఆ తలుపు గొళ్ళెం లోపలివైపు ఉంటుంది. ఆ తలుపు వైపే చూస్తూ ఆమె ఇస్త్రీపెట్టె ఎత్తడం మరిచింది, కింద దుప్పటి మాడింది. పని చేతకాదని, కబురు చేసేదాకా రావద్దని ఇంటికి పంపేశారు. ఆమె కార్మికశాఖలో ఫిర్యాదు చేసింది. విచారణకు అధికారిణి లాండ్రీకే వచ్చి అందరినీ పిలిపించింది.

"ఇలాంటి మాట నా చెవిన పడలేదండీ. పడితే ఊరుకుంటానా?" అన్నాడు యజమాని.

సూపర్‌వైజర్ మీసం చాటున నవ్వాడు. యజమాని మాటే నిలిస్తే సాక్ష్యంగా మాడిన దుప్పటి ఒక్కటే మిగులుతుంది, అమ్మాయి ఉద్యోగం పోతుంది. అమ్మాయి పారిపోదామనుకుంది. కానీ ఒక అడుగు ముందుకు వేసింది.

"మేడమ్... ఆ దూది తీయమనండి."

"జలుబు చేసిందండీ" అన్నాడు యజమాని.

"తీయండి" అంది అధికారిణి.

తీశాడు. ఎడమచెవిలోంచి అమ్మాయి గొంతు వణుకుతూ వచ్చింది. వెనకే ఆయన గొంతు: "సర్దుకుపో." వాటి అడుగునుంచి ఇంకో ఆడగొంతు ఏడ్చింది. దానికీ అదే జవాబు. మరీ లోతునుంచి ఒక లేత గొంతు బతిమాలింది. "అయ్యగారూ, నన్ను గోదాములోకి పంపకండి."

ఆ గొంతు ఎవరిదో ఎవరూ గుర్తుపట్టలేదు. ప్యాకింగ్ అక్క ఒక్కతే ఉన్నచోటే నేలమీద కూలబడింది.

అధికారిణి యజమాని వైపు తిరిగింది. "చెయ్యి వేసింది అతను. విని దూది పెట్టుకున్నది మీరు. మీ చెవిన పడ్డాక జరిగినదంతా మీ పూచీయే. ఈ అమ్మాయిని పనిలోంచి తీయడానికి వీల్లేదు. అతను ఈ క్షణం నుంచి ఇక్కడ ఉండకూడదు."

అమ్మాయి వెళ్ళి అక్క పక్కన కూర్చుంది.

"పేరు రాసుకోండమ్మా" అంది అక్క అధికారిణితో, తల ఎత్తకుండానే. "ఆ లేత గొంతు నాది."