మామ గొంతూ, డిటెక్టరు రొదా

మా మామ మొగులయ్య నారాయణఖేడ్ డిపోలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. బస్సు దిగాడు గానీ గొంతు దించలేదు. ఉప్పు అందుకోమన్నా "కల్హేర్, సిర్గాపూర్!" అని బస్సులో స్టాపులు కేకేసినట్టే ఉంటుంది. కాపురానికి వచ్చిన కొత్తలో నన్ను తిడుతున్నాడనుకుని ఆయనతో మాట్లాడటమే మానేశాను.

దారి చూపింది నా ఉద్యోగం. న్యూట్రినోలని కంటికి కనపడని కణాలుంటాయి. వాటిని పట్టే డిటెక్టరు నుంచి వచ్చే సిగ్నళ్లను శుభ్రం చేసే ప్రోగ్రాములు రాస్తాను, ఇంట్లో కూర్చునే. ఏ కణమూ రాకపోయినా ఒక్కో సెన్సరుకు తనదైన రొద ఉంటుంది. ఊరికే ఉన్నప్పుడు ఆ రొదెంతో కొలిచి, వచ్చిన సిగ్నల్లోంచి తీసేయాలి. మిగిలిందే అసలు సంగతి. పిడుక్కీ బియ్యానికీ ఒకే మంత్రమంటే కుదరదు, ఏ సెన్సరు లెక్క దానిదే. మామకూ అదే లెక్క కట్టాను. రోజువారీ అరుపు తీసేసి వింటే, పాపం, "తిన్నవా బిడ్డా" అనే అడుగుతుంటాడు.

ఈమధ్య డిటెక్టరు దగ్గరికే వచ్చి సెన్సర్లు సరిచూడమని పిలుపొచ్చింది. మూడు నెలలు. వెళ్లాలని ప్రాణం కొట్టుకుంటోంది. కానీ రెండేళ్ల మా పాప నర్మదను ఎవరు చూస్తారు? అత్త లేదు. నా భర్త నర్సింగ్ పొద్దున పోతే చీకటి పడ్డాకే వస్తాడు. మామ సరేనంటేనే ప్రయాణం.

పొద్దున అడిగాను. ఆయన ఏమీ అనకుండా పిల్లనెత్తుకుని బయటికి పోయాడు. అరవలేదు! అరిచే మనిషి నోరు మూసుకుంటే ఏం తీసేసి ఏం వినాలి? ఆ రోజు రాసిన ప్రోగ్రాము నిండా తప్పులే.

సాయంత్రం ఉండబట్టలేక వాకిట్లోకి వెళ్లాను. మామ నర్మదను భుజాన వేసుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"నేను పోను తియ్ మామా! రానని చెప్పేస్త" అన్నాను, గట్టిగానే. కోపమొచ్చింది మరి.

ఆయన చప్పున పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు.

"ఏందే లొల్లి? ఇప్పుడే పన్నది" అన్నాడు గుసగుసగా. "నా గొంతుకు పిల్ల ఉలిక్కిపడి లేస్తది. నువ్వు లేనప్పుడు ఎట్ల మరి? పొద్దుగాల నుంచి మెల్లగ మాట్లాడుడు నేర్సుకుంటున్న. నువ్వు జల్ది టికెట్ తీస్కో."

నాకు ముందు సిగ్గేసింది, తర్వాత చెప్పలేనంత సంతోషమేసింది. ఏదో అనబోయాను. నర్మద కదిలింది. మామా నేనూ ఊపిరి బిగబట్టి అట్లాగే నిలబడిపోయాం.