ముప్పై ఒకటో ఫారం

మధ్యాహ్నం రెండయ్యేసరికి థెక్లా గొంతు బొంగురుపోయింది. పొద్దున్న ఏడింటికి మొదలుపెట్టిన చదువు. అచ్చాఫీసులో ఆమె పని చదవడమే. రాతప్రతి చేత పట్టుకుని ప్రతి మాటా, ప్రతి కామా పైకి చదవాలి. ఎదురుగా కూర్చున్న ల్యూబర్స్ గారు ప్రూఫు కాగితం మీద పెన్సిలు కొసతో ఆ మాటల వెంట నడుస్తారు. ఫారం, అంటే పదహారు పేజీల అచ్చు కాగితం, పూర్తయ్యాక అడుగున ఇద్దరూ పొడి సంతకాలు పెట్టాలి. రెండు సంతకాలు లేని కాగితాన్ని మెషిన్‌మన్ ముట్టుకోడు. ఆ ఆఫీసులో తాతల నాటి ఆచారం అది. కూలి గంటకి తొంభై ఫెన్నిగ్‌లు.

ఇప్పుడు నడుస్తున్నది ముప్పై ఒకటో ఫారం. ఆ ఊరి మగవాళ్ళు సగంమంది వెళ్ళిన జర్మన్ పదాతి డివిజన్ చరిత్ర. పోలండ్‌లో మొదలై, ఫ్రాన్సు మీదుగా సాగి, రష్యా మంచులో సగానికి సగం కరిగిపోయి, చివరికి ఈ ఊరికి నలభై కిలోమీటర్ల దూరంలో చెల్లాచెదురైన ఆరేళ్ళ కథ. యుద్ధం ముగిసి తొమ్మిదేళ్ళయింది. వేసవిలో పాత సైనికుల కలయిక ఉంది. అప్పటికి పుస్తకం చేతికి రావాలి.

"బేకరీ కంపెనీ, కామా, చివరి వారంలో కూడా, కామా, రోజుకి పన్నెండు వేల రొట్టెలు కాల్చింది, ఫుల్‌స్టాప్," థెక్లా చదువుతోంది. "డివిజన్‌లో ఒక్క మనిషి కూడా తన చోటు వదల్లేదు, ఫుల్‌స్టాప్."

"వదల్లేదు వదల్లేదు," అన్నారు ల్యూబర్స్, పెన్సిలు ఎత్తి. "పెళ్ళి!"

అచ్చులో ఒక మాట రెండుసార్లు పడితే దాన్ని వాళ్ళు పెళ్ళి అంటారు. ఒక మాట జారిపోతే శవం అంటారు.

"మన విల్లిబాల్ట్‌కి పెళ్ళిళ్ళ పిచ్చి పట్టిందమ్మాయ్. ఈ ఫారంలో ఇది నాలుగోది."

"ఆయనకి అరవై దాటాయి కదండీ."

"అందుకే మరి! నిజంగా చేసుకోడానికి ఎవరూ దొరక్క కాగితం మీద చేసుకుంటున్నాడు."

పక్క గదిలో అచ్చు అక్షరాలు పేర్చే విల్లిబాల్ట్ కేక వినిపించింది. "నాకు వినబడుతోందిరోయ్! నీ చత్వారానికి అన్నీ రెండేసి కనబడితే తప్పు నాదా?"

థెక్లా నవ్వింది. కిటికీలోంచి ఎండ ముక్క ఒకటి బల్లమీదికి దూకి, టీ గ్లాసులో పడి, ఎదురుగోడ మీద తేనెరంగు చుక్కై వణుకుతోంది. ఇటువంటివి చూసినప్పుడు ఆమెకి వెంటనే ఎవరికైనా చెప్పాలనిపిస్తుంది. మొగుడు డెట్లెఫ్ ఉంటే అతనికి చెప్పేది.

పెళ్ళి తరవాత ఇద్దరూ కలిసి ఉన్నది పదకొండు రోజులు. సెలవు మీద వచ్చి చేసుకుని వెళ్ళాడు. బేకరీ కంపెనీలో పనివాడు కదా, అలవాటు కొద్దీ తెల్లవారకముందే లేచేవాడు. లేచి ఏం చెయ్యాలో తోచక పిండి కలిపేవాడు. ఇద్దరు మనుషులకి పదకొండు రోజుల్లో ముప్పై రొట్టెలు! "నీకు తక్కువ కాల్చడం రాదా?" అని ఆమె అడిగితే, "రెండువందల మందికి లోపు లెక్క తెలీదే నాకు," అని పిండితో తెల్లబడ్డ కనుబొమలతో నవ్వేవాడు. ఆ రొట్టెలు మేడ మీద వాళ్ళకీ, కింద వాళ్ళకీ పంచారు. ఇప్పుడు ఆ మేడ మీది వాళ్ళు మెట్ల మీద ఎదురైతే గోడవైపు తిరుగుతారు. యుద్ధంలోంచి పారిపోయినవాడి పెళ్ళాం కదా. ఆదివారం ఒక్క ఉడికించిన బంగాళదుంప ఒలుచుకుంటూ ఆమె ఎన్నోసార్లు రెండో కుర్చీతో మాట్లాడబోయి ఊరుకుంది.

"తరవాత మృతుల జాబితా," అన్నారు ల్యూబర్స్. "నీళ్ళు తాగి కానివ్వు. పేర్లు పొడుగు."

ఆమె చదవసాగింది. పేరు, హోదా, కంపెనీ, తేదీ. ఏడుపు తగలని గొంతుతో చదవాలి, లేకపోతే అక్షరాలు తప్పుతాయి. పేజీ తిప్పింది.

"రోడె, కామా, డెట్లెఫ్, కామా, కార్పొరల్, కామా, బేకరీ కంపెనీ, కామా, పద్నాలుగు ఏప్రిల్ నలభై ఐదు, కామా, వీరమరణం..."

ఆగిపోయింది.

ల్యూబర్స్ పెన్సిలు కూడా ఆగింది. ఆయన తల ఎత్తలేదు. చదివే మనిషి ఆగితే అడగవలసిన మాట ఒకటే ఉంది ఆ గదిలో. ముప్పై ఏళ్ళుగా అడుగుతున్నదే నోట్లోంచి వచ్చేసింది.

"శవమా?"

"అవునండీ," అంది థెక్లా. "శవమే."

"ఏ మాట జారింది?" అని ఆయన రాతప్రతి అందుకుని, వేలు పెట్టి రెండూ పోల్చి చూశారు. అప్పుడు పేరు చూశారు. చెవులదాకా ఎర్రబడ్డారు. "అమ్మాయ్... నేను ఆ ఉద్దేశంతో..."

"తెలుసండీ. రాతప్రతిలో ఉన్నట్టే ఉంది. జారింది ఇక్కడ కాదు."

నాలుగింటికి మేజర్ ఓల్డెనోవ్ వచ్చాడు. పాత సైనికుల సంఘానికి అధ్యక్షుడు. యుద్ధంలో డివిజన్ కార్యాలయంలో ఉండేవాడు. బదిలీలు, శిక్షలు, మనుషుల వ్యవహారాలన్నీ ఆయన బల్ల మీదుగానే వెళ్ళేవి. రోజూ వచ్చి, తడి ఆరని కాగితాలు వాసన చూసి మురిసిపోతాడు. ఇవాళ ఒక పొట్లం కూడా తెచ్చాడు. గసగసాల కేకు.

"చూశావామ్మా?" అన్నాడు. "జాబితా."

"చూశానండీ."

"సంఘంలో ఇద్దరు ముగ్గురు ఒప్పుకోలేదు. నేనే పట్టుబట్టాను. పోయినవాడు ఎలా పోతేనేం, మనవాడే కదా అన్నాను. ఈ పుస్తకం, దాంతోపాటు నా ఉత్తరం ఒకటి పట్టుకెళ్ళి పింఛను ఆఫీసులో చూపించు. తొమ్మిదేళ్ళుగా తిప్పుతున్నవాళ్ళు మూడు నెలల్లో ఇస్తారు. చర్చి గోడమీద కూడా పేరు చెక్కిస్తాం. ఇంక నిన్ను వీధిలో ఎవరూ ఒక్క మాట అనలేరు."

థెక్లాకి ఒక్క క్షణం ఆ వీధి కనిపించింది. మేడ మీది ఆవిడ మెట్ల దగ్గర ఆగి, ఎలా ఉన్నావమ్మా అని అడగడం. గదికి బొగ్గు, ఒక కొత్త కోటు. ఆదివారం ఎవరింట్లోనైనా కాఫీకి పిలుపు. అన్నిటికంటే ఆ పిలుపే ఆమెని లాగింది.

"ఆయన యుద్ధంలో పోలేదండీ," అంది మెల్లిగా. "పొయ్యి ఆర్పేసి ఇంటికి నడిచొస్తున్నాడు. మన ఊరు నలభై కిలోమీటర్లే. దారిలో పట్టుకుని, ఒక బడిలో ముగ్గురు ఆఫీసర్లు కూర్చుని పావుగంటలో తీర్పు చెప్పి, రోడ్డు పక్క తంతి స్తంభానికి ఉరి తీశారు. మెడలో పారిపోయినవాడు అని రాసిన అట్ట వేలాడదీశారు. ఆ పక్క పొలం వాళ్ళావిడ నాకు ఉత్తరం రాసింది. మొత్తం పదకొండు మందిట."

"అవన్నీ ఇప్పుడెందుకమ్మా? చెడ్డ రోజులు. అందరికీ చెడ్డ రోజులే."

"జాబితాలో ఉరి అని వెయ్యండి."

"ఏమిటీ?"

"వీరమరణం తీసేసి, ఉరి తీశారు అని వెయ్యండి. ఎవరి సంతకంతో తీశారో అదీ వెయ్యండి. మిగతా పదిమందికీ కూడా."

మేజర్ చేతి తొడుగులు వెతుక్కున్నాడు. అవి ఆయన చేతులకే ఉన్నాయి. "నీ మేలు కోరి చేశాను," అన్నాడు, గొంతు మారిపోయి. "అలాగైతే పేరే తీసేయిస్తాను. అప్పుడు నీకు పింఛనూ ఉండదు, అతగాడికి గుర్తూ ఉండదు. సంతకం పెట్టి పంపించు. సాయంత్రానికి మెషిను ఎక్కాలిది."

"పెట్టనండీ."

"యజమానితో మాట్లాడమంటావా?"

"మాట్లాడండి. ఒక్క మనిషి కూడా తన చోటు వదల్లేదు అని ఇవాళ నా నోటితో చదివాను. నా మొగుడు వదిలాడు. నా దగ్గరికి రావడానికి వదిలాడు. దాన్ని ఒప్పు అని నా చేత్తో సంతకం పెట్టను."

మేజర్ వెళ్ళిపోయాడు. కేకు పొట్లం బల్ల మీదే ఉండిపోయింది. పక్క గదిలో అక్షరాలు పేర్చే చప్పుడు ఎప్పుడు ఆగిందో ఎవరూ గమనించలేదు. విల్లిబాల్ట్ గుమ్మం దాకా వచ్చి, చేతులు ఏప్రానుకి తుడుచుకుని వెనక్కి వెళ్ళాడు. యజమాని గదిలో టెలిఫోను మోగింది.

థెక్లా లేచి కోటు తొడుక్కుంది. ల్యూబర్స్ ఆమె వైపు చూడలేదు. ఆయనకి రెండేళ్ళలో రిటైర్‌మెంటు ఉంది, ఇంట్లో జబ్బుమనిషి ఉంది. రాతప్రతిని తన ముందుకు లాక్కుని, ఎడమచేతి వేలు దాని మీద, కుడిచేతి పెన్సిలు ప్రూఫు మీద పెట్టి, తనే చదువుకోవడం మొదలుపెట్టారు. ఒక్కరి వల్ల అయ్యే పని కాదది. కళ్ళు అటు వెళ్తే ఇటు వరుస తప్పిపోతుంది.

"రోడె, కామా, డెట్లెఫ్, కామా..."

తప్పారు. మళ్ళీ మొదటికి వచ్చారు.

"రోడె, కామా, డెట్లెఫ్, కామా, కార్పొరల్..."

థెక్లా గుమ్మంలో, తలుపు పిడి మీద చెయ్యి వేసి నిలబడింది. తొమ్మిదేళ్ళలో ఆ పేరుని ఇంకొకరి గొంతులో వినడం ఇదే మొదటిసారి. ముసలాయన మూడోసారి ఆ వరుస ఎత్తుకుని, తేదీ దాకా వచ్చి, వీరమరణం అన్న మాట ముందు ఆగారు. పెన్సిలు కాగితానికి వెంట్రుకవాసి ఎత్తులో నిలిచిపోయింది. అది కిందకి దిగలేదు.