గోడలోంచి వచ్చే నీళ్లు

కలకత్తాలోని ఒక పాత భూగర్భ మెట్రో స్టేషనుకు వరద ముప్పు ఎటునుంచి ఉందో తేల్చడం ఆ వేసవిలో నా పని. వానలకు ఇంకా పదిహేడు రోజులున్నాయి. నాలుగు ద్వారాల దగ్గరా మెట్ల ఎత్తు కొలిచాను. నీళ్లకు అడ్డుపలకలు బిగించడానికి సిబ్బందికి ఎంతసేపు పడుతుందో చూశాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అయినా మనసు కుదుటపడలేదు. కిందటేడు ప్లాట్‌ఫారం చివర మోకాలి లోతు నీళ్లు నిలిచాయి. ఆ రోజు మెట్లు మాత్రం తడవలేదట.

స్టేషను గోడకు ఆనుకుని ఒక బజారు నేలమాళిగ ఉంది. అక్కడ జాకెట్లు కుట్టే కనకలతను అందరూ మాశీమా, అంటే పిన్నీ, అని పిలుస్తారు. ఆమె నన్ను చూసి మిషను ఆపింది.

"మళ్లీ మెట్లేనా కొలిచేది? నీళ్లు గోడలోంచి వస్తాయని మూడేళ్లుగా మొత్తుకుంటున్నా. ముసలిదాని చాదస్తమని నవ్విపోతారు మీవాళ్లు."

"ఏ గోడ, మాశీమా?"

ఆమె బీరువా జరిపించింది. వెనకాల, వీధిలోంచి వచ్చే, వాడకం పోయిన టెలిఫోన్ తీగల గొట్టం నోరు తెరుచుకుని ఉంది. ఎదుటి గోడలో ఇంకోటి. అది మా స్టేషనులోకి.

"పైన వీధి గుంటలో నీళ్లకి ఆల్తా కలిపి పొయ్యి, తెలుస్తుంది" అంది.

మర్నాడు వీధిలోని తీగల గుంటలో నాలుగు డ్రమ్ముల నీళ్లు పోయించి, కాళ్లకు పెట్టుకునే ఆ ఎర్ర పారాణి సీసాలు ఒంపాను. ఇరవై నిమిషాలకు మాశీమా గోడ మీద ఎర్రటి ధార దిగింది. ఇంకో అరగంటకు ప్లాట్‌ఫారం చివర కనిపించింది.

"మన వైపు కంత మూయించెయ్" అన్నారు మా పైఅధికారి సాన్యాల్‌దా.

"మూస్తే నీళ్లన్నీ ఆమె కొట్లోనే నిలుస్తాయి, దాదా."

"నీకప్పగించింది స్టేషను, కేతకీ. బజారు కాదు."

సాయంత్రానికి మూసేశారు. ఆ మాట నేనే వెళ్లి చెప్పాను. మాశీమా దారం కొరికి, కుడుతున్న జాకెట్టు పక్కన పెట్టింది.

"అయితే ఇన్నాళ్లూ నా నీళ్లలో మీరు వాటా తీసుకున్నారన్నమాట. ఇక మొత్తం నాకేనా?"

వీధి వైపు గొట్టం కూడా మూయాలని మూడు ఆఫీసులు తిరిగాను. గుంట మాది కాదన్నారొకరు, గొట్టం మాది కాదన్నారింకొకరు. చివరికి గురువారం పనివాళ్లు వస్తామన్నారు. బుధవారం మధ్యాహ్నమే వాన పట్టుకుంది.

నేను వెళ్లేసరికి గోడలోంచి నీళ్లు ఉరుకుతున్నాయి. గొట్టం నోట్లో రబ్బరు చాప కుక్కి, చెక్క అడ్డంపెట్టి, ఇద్దరం వీపులు ఆనించి నిలబడ్డాం. ధార సన్నబడింది కానీ ఆగలేదు. ఫోన్‌లో సాన్యాల్‌దా గొంతు తేలిగ్గా ఉంది.

"ప్లాట్‌ఫారం పొడిగా ఉంది. నువ్వెక్కడ?"

"నీళ్లలో" అన్నాను.

కొట్లో చీలమండ దాకా వచ్చి ఆగాయి. కింది అరలోని పెళ్లి జాకెట్లు రంగు దిగిపోయాయి. మాశీమా వాటిని ఒక్కొక్కటే పిండి మిషను మీద ఆరేసింది.

మర్నాడు గొట్టం మూశారు. పక్క నేలమాళిగలను చూడకుండా ఏ స్టేషనుకూ ముప్పు లేదని తేల్చకూడదని నివేదికలో రాశాను. సాన్యాల్‌దా రెండుసార్లు చదివి సంతకం పెట్టారు.

తర్వాతి పెద్ద వానకు నేను స్టేషనుకు పోలేదు, మాశీమా కొట్లో కూర్చున్నాను. గోడ పొడిగానే ఉంది. ఆమె మిషను తొక్కుతూనే ఉంది.

"అస్తమానం గోడను తడమకు, సున్నం రాలుతోంది" అంది.

వాన వెలిసేదాకా నేను చెయ్యి తీయలేదు.