మాసయ్య కట్టిన ముడి

రాగిణికి బండలెక్కే పిచ్చి పట్టి అప్పటికి నాలుగు నెలలు. చిక్కడపల్లి గల్లీలకు ఆడపిల్లల పిచ్చిలు కొత్తేం కాదు. వీణ పిచ్చి, సినిమా పిచ్చి, టైపు పరీక్షల పిచ్చి, అన్నీ చూసినవే. కానీ కోఠి కాలేజీలో డిగ్రీ ఆఖరేడు చదివే పిల్ల ఆదివారం తెల్లారగానే ప్యాంటు తొడుక్కుని, నారాయణగూడ చౌరస్తాలో బస్సెక్కి, గచ్చిబౌలి అవతలి గుట్టల మీద బల్లిలా పాకి, మోచేతులు గీరుకుని ఇంటికి రావడం మాత్రం ఆ గల్లీ కనీవినీ ఎరగదు. ఇది తొంభై ఆరు నాటి మాట.

పోనీ, అంత పాకినందుకు ఏమన్నా వచ్చిందా అంటే అదీ లేదు. బండకు అతుక్కోగానే భయంతో చేతులు బిగిసిపోయేవి. కాళ్ళేమో ఉన్నాయా లేవా అన్నట్టు వేలాడేవి. పదడుగులు ఎక్కేసరికి ఓపిక అయిపోయి కిందికి జారేది. దానికి తోడు ఇంకో జబ్బు. ఎక్కడం అయ్యాక నడుముకు కట్టిన తాడు మీద బరువంతా వేసి, చేతులొదిలి వెనక్కి వాలితే, కింద ఉన్నవాళ్ళు మెల్లగా దింపుతారు. రాగిణి చచ్చినా వాలేది కాదు. ముడి ఊడితేనో? ఆ ఒక్క అనుమానంతో బండను కరుచుకుని, కాళ్ళు వణుకుతుంటే తనే దిగేది.

"ఎక్కుడు రాదు, దిగుడు రాదు. ఇంక ఎందుకొస్తున్నవమ్మా?" అనేవాడు నేర్పించే హనుమప్ప సార్. మిలిటరీలో పనిచేసి వచ్చిన మనిషి, నోటికి మొహమాటం లేదు. రాగిణి బస్సులో ఏడ్చుకుంటూ ఇంటికొచ్చేది. మళ్ళీ ఆదివారానికి తయారు!

ఆమెకు కాళ్ళతో ఎక్కడం నేర్పింది హనుమప్ప సార్ కాదు, కురుమమ్మ.

రాగిణి వాళ్ళింటి పక్కన పాత పెంకుటిల్లు పడగొట్టి అపార్ట్‌మెంట్ లేపుతున్నారు. కూలీలంతా పాలమూరు వాళ్ళు. కురుమమ్మ ఇటుకలు మోస్తుంది. ఆమె భర్త మాసయ్య కర్రలూ చెక్కలూ తాళ్ళతో బిగించి, మనుషులు పైకెక్కడానికి వాలుగా దారి కడతాడు. మాసయ్య వేసిన ముడిని కోసుకోవాల్సిందే గానీ అది ఊడదని తోటి కూలీలు చెప్పుకునేవాళ్ళు. అశోక్‌నగర్ నాలా పక్కన వాళ్ళ బస్తీలో ఏ గుడిసె కప్పు బిగించాలన్నా అతణ్ణే పిలిచేవాళ్ళు. ఆ మనిషి సంపాదించుకున్నదంతా ఆ పేరే.

ఓ సెలవురోజు డాబా మీద బట్టలారేస్తూ రాగిణి చూసింది. తల మీద పన్నెండు ఇటుకల తట్ట, దాని మీద రెండు చేతులు. కురుమమ్మ ఆ వాలు చెక్కల మీద రెండో అంతస్తుకు చకచకా ఎక్కిపోతోంది. పట్టుకోవడానికి చేతులే ఖాళీ లేవు! రాగిణి చేతిలో తడి చీర పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"అక్కా, ఏం పట్టుకోకుంట ఎట్ల ఎక్కుతున్నవ్? భయం గాదా?" అని పిట్టగోడ మీంచి అడిగింది.

"చేతులు తట్టకే సరిపాయె. ఇగ ఎక్కేది కాళ్ళే గద చెల్లె," అని నవ్వింది కురుమమ్మ. "అడుగు పెట్టే జాగ ముందుగాల చూస్త. పెట్టినంక మళ్ల సదురుకోను. నడుమ మాత్రం ఆగొద్దు. ఆగితె బరువు యాదికొస్తది."

ఆ రోజు నుంచి పిట్టగోడే రాగిణికి బడి. కురుమమ్మకూ ముచ్చటగానే ఉండేది. తన కాళ్ళను ఒకరు పనిగట్టుకుని చూడటం ఆమెకు పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. రాగిణి నీళ్ళబిందె నెత్తిన పెట్టుకుని ఇంటి మెట్లు ఎక్కడం దిగడం మొదలుపెట్టింది.

"నల్ల వచ్చేదే గంటసేపు. ఆ నీళ్ళన్ని మెట్లకు తాపుతున్నవ్. దయ్యం గిట్ల పట్టిందానె నీకు?" అని తల్లి కమల నెత్తి కొట్టుకుంది.

ఏం పట్టిందో గానీ, మూడు వారాల్లో రాగిణి అడుగు మారింది. ఎప్పుడూ చతికిలబడే బండ మీద సగందాకా పోయింది. ఇంకొక్క కిటుకు తెలిస్తే మొత్తం ఎక్కేస్తానని ఆత్రం. ఆ ఆత్రమే కొంప ముంచింది.

గురువారం పొద్దున. కురుమమ్మ నిండు తట్టతో వాలు మధ్యలో ఉంది. మలుపు దగ్గర బరువును ఎడమకాలి మీదికి మార్చుకునే తీరు రాగిణికి ఎన్నిసార్లు చూసినా అంతుపట్టలేదు.

"అక్కా, ఆగు జర! ఎడమకాలు ఎట్ల పెట్టినవో మళ్లొకసారి చూపియ్యవా!" అని కేకేసింది.

నడుమ ఆగొద్దని చెప్పిన మనిషే, చెల్లె అడిగిందని ఆగింది. కాలు వెనక్కి తీసి చూపించబోయింది. తట్ట ఒరిగింది. పడుతూ పడుతూ పక్క కర్రను పట్టుకుంది. కర్ర విరిగి, దాని తాడు సడలింది. ఇటుకలతో పాటు కురుమమ్మ కింద పడింది.

తొడ ఎముక విరిగింది. ఆటోలో దవాఖానకు తీసుకుపోయారు. మేస్త్రీ ఈదయ్య తలెత్తి చూస్తే పైన తాడు వదులుగా వేలాడుతోంది. ఆ పెద్దమనిషికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేకపోయింది.

"మాసయ్యా, నీ ముడే ఊడిందిరా," అన్నాడు.

పిట్టగోడ వెనక రాగిణి కనబడకుండా కిందికి వంగింది. చెప్తే నాన్న గుట్టలు మాన్పిస్తాడు. గల్లీ దుమ్మెత్తిపోస్తుంది. రేపు చెప్దాంలే అనుకుంది. మర్నాడు కూడా అదే అనుకుంది.

ఆదివారం ఆ బండను చివరిదాకా ఎక్కేసింది. హనుమప్ప సార్ చప్పట్లు కొట్టాడు. "శభాష్! గా కాళ్ళ పని ఎవరు నేర్పిన్రమ్మా?" అని కిందినుంచి అరిచాడు.

"ఎవరు లేరు సార్. నేనే నేర్చుకున్న," అంది రాగిణి. అన్న మరుక్షణం తన మీద తనకే అసహ్యం వేసింది. వాలమ్మా, చేతులొదులు అంటాడు సార్. నడుము దగ్గరి ముడి వంక చూస్తే మాసయ్య మొహం కనిపించింది. అరగంట పట్టింది, బండను కరుచుకుని దిగడానికి.

తర్వాతి వారం కమల కూరగాయలు తరుగుతూ చెప్పింది. "పాపం, ఆ మాసయ్య తాడు ముడుతలేడట. మట్టి మోస్తున్నడట. నా చేతులతోటే నా పెండ్లాన్ని పడగొట్టుకున్న అని తిండి గూడ మానేసిండట. ఆమేమో కండ్లు తిరిగి పడ్డ అంటదట. తనను కాపాడనీకె అబద్ధం చెప్తుందని ఈన ఇంకింత కుములుతుండట."

కురుమమ్మ ఎవరి పేరూ చెప్పలేదన్నమాట.

పడిన పన్నెండో రోజు సాయంత్రం రాగిణి అశోక్‌నగర్ బస్తీకి నడిచింది. గుడిసెలో మంచం మీద కురుమమ్మ, కాలికి పిండికట్టు. గడప దగ్గర మాసయ్య, పన్నెండు రోజుల్లో సగమైపోయాడు.

"అన్నా, నీ ముడి ఊడలె," అంది రాగిణి నిలబడే. "అక్కను నడుమల నేనే ఆపిన. కాలు చూపియ్యమని నేనే పిలిచిన."

"పన్నెండు దినాలు," అన్నాడు మాసయ్య. "నా చేతుల దిక్కు నేనే చూస్కోలేకపోయిన. అప్పుడు నువ్వేం జేస్తున్నవ్?"

"గుట్టలెక్కుతున్న," అంది రాగిణి. ఇంకో అబద్ధం చెప్పే ఓపిక ఆమెకు లేదు.

"పిల్లదాన్ని ఇడిసిపెట్టు," అంది కురుమమ్మ. "పనిల ముచ్చట్లు పెడుతున్నరని ఈదయ్య ఆడోళ్ళందర్ని ఎల్లగొడ్తడని నేనే చెప్పలె."

మాసయ్య ఒకసారి ఆమెను, ఒకసారి ఈమెను చూశాడు. "నన్ను ఓదార్చనీకి ఇద్దరు కలిసి ఈ కత అల్లినట్టున్నరు," అన్నాడు. లేచి, మంచం కిందికి తోసేసిన తాడు బయటికి లాగాడు. "నిజమైతె రా. నా ముడి కట్టుకొని ఎక్కి చూపియ్యి."

గుడిసె ఎదురుగా ఎవరో సగం కట్టి వదిలేసిన రాతిగోడ ఉంది. దాని పైనుంచి ఇనుప దూలం బయటికి పొడుచుకొచ్చి ఉంది. మాసయ్య ఎక్కి దూలం మీదుగా తాడు వేసి దిగాడు. ఒక కొస తన నడుముకు చుట్టుకుని, రెండో కొస రాగిణి నడుముకూ తొడలకూ చుట్టి ముడేశాడు. అతని వేళ్ళు వణుకుతున్నాయి. ఆ వణుకు రాగిణి చూసింది. అయినా ఒద్దనలేదు.

"ఎక్కు."

ఎక్కింది. జాగ చూసి అడుగు, పెట్టినంక సదురుకోకుండా ఇంకో అడుగు. ఆమె ఎక్కేకొద్దీ మాసయ్య తాడు లాగి బిగించాడు. గోడ మూల దగ్గర బరువు ఎడమకాలి మీదికి మారింది.

"అది కురుమమ్మ అడుగే," అన్నాడు మాసయ్య కిందినుంచి. ఆ కాళ్ళు చూశాక అతనికి ఇంక సాక్ష్యం అక్కర్లేదు. కానీ అతనికి కావాల్సింది ఇంకొకటుంది.

"చేతులిడువు."

రాగిణి నడుము దగ్గరి ముడి వంక చూసింది. పన్నెండు రోజులుగా సరిగ్గా తినని మనిషి, వణికే చేతులతో వేసిన ముడి. కింద రాళ్ళు. కళ్ళు గట్టిగా మూసుకుని, రెండు చేతులూ వదిలి వెనక్కి వాలింది.

తాడు కిర్రుమంది. ఆమె గిర్రున తిరిగి, ఊగి, ఆగింది. ముడి పట్టింది.

"ఇగనన్న బువ్వ తింటవా?" అని గుడిసెలోంచి అరిచింది కురుమమ్మ.

మాసయ్య మెడ ఎత్తి ముడినే చూస్తున్నాడు. కళ్ళ నీళ్ళు చెంపల మీదికి కారుతున్నా తుడుచుకోవడం లేదు. దింపుతాడేమోనని రాగిణి తాడు వైపు చెయ్యి చాపింది.

"పట్టుకోకు," అన్నాడు. "నీ మీద కోపం పోలె నాకు. జరసేపు గట్లనే ఉండు. చూడనియ్యి నన్ను."

రాగిణి చెయ్యి వెనక్కి తీసుకుంది. అతను చాలు అనేదాకా అలాగే వేలాడింది.