కూతవేటు దూరం

ఊపిరి మేస్త్రికి మూడేళ్ళుగా చెవిలో ఒక కూత పడుతోంది. కీ... కీ... కీ... అని. వీధిలో లారీ వెనక్కి వస్తుంటే అదే. పక్కింటి గడియారం మోగితే అదే. ఏమీ మోగకపోతే మరీనూ! నోటిదాకా వచ్చిన ముద్ద అలాగే పట్టుకుని గోడవైపు చూస్తూ ఉండిపోతాడు.

"ఏమండీ, మళ్ళీనా?" అంటుంది వాళ్ళావిడ.

"ఏం లేదులే, నువ్వు తిను."

"నేను తిని చెయ్యి కడుక్కుని అరగంటైంది. తినాల్సింది మీరు."

ఆవిడకి తెలియదు పాపం. తెలిసినవాడు లోకంలో ఇతనొక్కడే, ఇతను నోరు విప్పడు. ఎందుకు విప్పడో చెబుతాను వినండి. విన్నాక తిట్టాలనిపిస్తే తిట్టండి, నేను అడ్డు రాను.

ఆసుపత్రిలో ఆక్సిజన్ మిషన్లు చూసుకునేది ఇతనే, అందుకే ఆ పేరు. మిషన్ అంటే మోకాలెత్తు పెట్టె. గదిలో గాలిని పీల్చుకుని, అందులోంచి ప్రాణవాయువును వేరుచేసి గొట్టంలోంచి రోగి ముక్కుకి ఇస్తుంది. విడిభాగం కావాలని పైకి రాస్తే ఎనిమిది నెలలకి వచ్చేది, అదీ వేరే మిషన్‌ది. ఇతను పాత పరుపు స్పాంజి కోసి గాలి వడపోతకి పెట్టాడు, కుట్టుమిషన్ బెల్టు కోసి వాషర్లు చేశాడు. పనిమంతుడు, కాదనను. ఆ పనితనమే కొంప ముంచింది.

మిషన్‌కి ఒక నోరుంది. కరెంటు పడిపోయినా, ప్రాణవాయువు తగ్గినా కూత పెడుతుంది. అక్కడ కరెంటు సంగతి చెప్పాలా? దీపం కళ్ళు మిటకరించినట్టు ఉండేది. పిల్లల వార్డులో మిషన్ రోజుకి నలభైసార్లు కూసేది. కూసినప్పుడల్లా పిల్లలు ఉలిక్కిపడి లేచి రాగాలు తీసేవాళ్ళు. ఆయా విసుక్కుని స్విచ్చి కట్టేసేది, కట్టేసి మళ్ళీ వేయడం మరిచిపోయేది. చివరికి ఆ వార్డు పెద్ద సిస్టర్ ఒకరోజు రెండు చేతులూ జోడించింది.

"మేస్త్రీ, నీకు పుణ్యముంటుంది, దీని నోరు మూయించు బాబూ!"

కరెంటు నిలకడగా వచ్చేలా ఒక పెట్టె కట్టి బిగించాలంటే రెండు రోజుల పని. కూత తీగ తెంపాలంటే రెండు నిమిషాలు. కూస్తూ ఆగిపోయే మిషన్ కంటే మూగగా నడిచే మిషన్ నయం కదా అనుకున్నాడు మహానుభావుడు. తెంపేశాడు. "ఏం చేశావు?" అని ఆవిడ అడిగితే, "కరెంటు సరిచేశానమ్మా, ఇక అవసరమైతేనే కూస్తుంది" అన్నాడు. ఆవిడ నమ్మింది. ఎందుకు నమ్మదు? అతని చెయ్యి పడితే బాగుపడని మిషన్ లేదాయె.

నాలుగు నెలలు నిక్షేపంగా నడిచింది. తర్వాత ముసురు పట్టింది. మిషన్ లోపల గాలిని వేరుచేసే తెల్లటి గుళికలుంటాయి, చెమ్మ తగిలితే అవి చచ్చిపోతాయి. అప్పుడు గొట్టంలో వచ్చేది మనం పీల్చే ఉత్త గాలే. గాలిని తడిపే నీళ్ళ సీసాలో బుడగలు మాత్రం ఎప్పటిలాగే వస్తాయి. ఎర్రదీపం వెలిగిందట, కానీ వైరు పొట్టిది కావడంతో మిషన్ ముఖం గోడకి తిప్పి ఉంది.

మధ్యాహ్నం వేళ. ఊపిరితిత్తులకి నెమ్ము చేసిన నాలుగేళ్ళ ఆడపిల్ల. పెద్ద సిస్టర్ ఇరవై అడుగుల దూరంలో, నరం దొరకని ఇంకో బిడ్డకి సూది ఎక్కిస్తూ అరగంట వంగిపోయి ఉంది. మధ్యలో రెండుసార్లు తలెత్తి చూసింది. బుడగలు వస్తున్నాయి, కూత లేదు. సరే అనుకుంది. పని ముగించుకుని దగ్గరకు వెళ్ళేసరికి బుడగలు ఇంకా వస్తూనే ఉన్నాయి. పిల్ల లేదు.

కబురందగానే మేస్త్రి పరుగెత్తుకొచ్చాడు. చూడగానే అర్థమైంది. అప్పుడైనా నోరు తెరవాలా వద్దా? మిషన్ చూస్తానని తన షెడ్డుకి తోసుకెళ్ళి, తెంపిన తీగని మళ్ళీ అతికించాడు. తీగ తెంపడం తెలివితక్కువతనం. అతికించడం ఉందే, అది పాపం. నేనైతే ఆ మాటే అంటాను.

విచారణకి ముగ్గురు పెద్ద డాక్టర్లు వచ్చారు. ప్లగ్గు పీకి చూశారు. కెవ్వుమంది. "కూత బాగానే ఉంది. డ్యూటీలో ఉన్న నర్సు వినిపించుకోలేదు" అని రాసేసి వెళ్ళిపోయారు. పెద్ద సిస్టర్‌ని వార్డు నుంచి తీసేసి దుప్పట్లు మడిచే గదిలో వేశారు. ఆవిడ ఒక్క మాట ఎదురు చెప్పలేదు. "నేనే పనిలో పడి వినలేదేమో" అందట. ముప్పై ఏళ్ళు పిల్లల్ని సాకిన మనిషి!

ఆ తర్వాత మేస్త్రి ప్రతి మిషన్‌కీ కరెంటు పెట్టె కట్టాడు, ముఖాలన్నీ ఇవతలికి తిప్పాడు, వారం వారం ప్రాణవాయువు కొలిచాడు. చేతులు కాలాక ఆకులు! దుప్పట్ల గది ముందునుంచి వెళ్ళాల్సి వస్తే చుట్టూ తిరిగి పెరటి గుమ్మంలోంచి వెళ్ళేవాడు.

ఇలా మూడేళ్ళు గడిచాక, ఒక ఉదయం, కొత్త మిషన్ విప్పుతుంటే షెడ్డు గుమ్మంలో నీడ పడింది. పెద్ద సిస్టర్. సగమైపోయింది మనిషి.

"మేస్త్రీ, ఒక సాయం చేస్తావా?"

"చె... చెప్పండమ్మా."

"చెవుల డాక్టరుకి రెండుసార్లు చూపించుకున్నాను. బాగున్నాయంటాడు. నాకు నమ్మకం కుదరడం లేదు. నన్ను మళ్ళీ వార్డుకి రమ్మంటున్నారు, మనుషులు చాలడం లేదట. నువ్వు ఆ మిషన్ కూత పెట్టించు. నేను ఇరవై అడుగుల దూరంలో వెనక్కి తిరిగి నిలబడతాను. వినబడితే చెయ్యెత్తుతాను. వినబడకపోతే ఇవాళే పని మానేస్తాను, ఇంకో బిడ్డ ఉసురు నాకొద్దు."

మేస్త్రి లేచాడు. మిషన్‌ని వరండా ఈ చివర పెట్టాడు. ఆవిడ అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచి, ఇరవై కాగానే గోడవైపు తిరిగి నిలబడింది. స్విచ్చి వేశాడు. ప్లగ్గు పీకాడు, కూసింది. చెయ్యెత్తింది. మళ్ళీ పెట్టి మళ్ళీ పీకాడు. మళ్ళీ ఎత్తింది.

"ఇంకోసారి" అంది ఆవిడ, తిరగకుండానే.

మూడోసారి ప్లగ్గు పెట్టాడు. మిషన్ గురగురమంటూ నడుస్తోంది. పీకడానికి చెయ్యి రాక అలాగే కూర్చున్నాడు. అప్పుడు అతని చెవిలో మొదలైంది, కీ... కీ... కీ... అని. తలెత్తి చూశాడు. అవతల ఆవిడ చెయ్యి పైకి లేచి ఉంది.

ప్లగ్గు ఇంకా గోడకే ఉంది.

"వినబడుతోంది మేస్త్రీ, ఇక ఆపు" అంది ఆవిడ. "ఆపవేం? ఆపు బాబూ! అస్తమానం ఇదే నాకు. దుప్పట్లు మడుస్తుంటే ఇదే, కళ్ళు మూసుకుంటే ఇదే. ఆ రోజు ఒక్కరోజే ఎందుకు వినబడలేదో!"

"మిషన్ కూయడం లేదమ్మా."

ఆవిడ తిరిగి చూసింది. గోడకున్న ప్లగ్గు చూసింది, వెలుగుతున్న పచ్చదీపం చూసింది. ఎత్తిన చెయ్యి దించడం మరిచిపోయింది.

"ఆ రోజు కూడా కూయలేదు" అన్నాడు మేస్త్రి. కూర్చున్నచోటే కూర్చుని చెప్పాడు. "తీగ తెంపింది నేను. పిల్ల పోయాక అతికించింది నేను. మీ చెవులకేం కాలేదు. మిమ్మల్ని నిలువునా ముంచింది నేనమ్మా."

ఆవిడ ఆ ఇరవై అడుగులూ మెల్లగా నడిచొచ్చింది. కొడుతుందేమో అనుకున్నాడు. కొడితే బాగుండుననుకున్నాడు. ఆవిడ ఎదురుగా గచ్చు మీద చతికిలబడింది.

"నోరు మూయించమన్నది నేనే కదా" అంది.

ఇక్కడ అతను తప్పించుకోవచ్చు. ఈ మాటని మూడేళ్ళుగా కడుపులో దాచుకునే కదా బతికాడు! 'ఆవిడ అడిగింది, నేను చేశాను' అని ఎన్నిసార్లు తనకి తాను చెప్పుకుని ఉంటాడో! కానీ ఎదురుగా ఆ ముఖం చూశాక ఆ మాట గొంతు దాటలేదు.

"మీరు అడిగారు. కుదరదమ్మా, అది ఉండాల్సిందే అని చెప్పాల్సింది నేను. ఆ ఒక్క ముక్క చెప్పడానికే నన్ను ఇక్కడ పెట్టుకున్నారు."

"రాసిస్తావా?"

"ఇప్పుడే రాస్తాను. సూపరింటెండెంటుగారికి ఒకటి, ఆ పిల్ల తల్లికి ఒకటి. నేనే పట్టుకెళ్ళి ఇస్తాను."

ఆవిడ తలూపింది. ఆ తర్వాత, ఎవరో వింటారన్నంత మెల్లగా అడిగింది.

"వార్డు గుమ్మం పక్కనే నిండు సిలిండర్ ఉంది ఆ రోజు. గొట్టం మార్చడానికి ఎంతసేపు?"

"నిమిషం పడుతుంది."

"ఇది కూసి ఉంటే నేను వచ్చేదాన్ని."

"వచ్చేవారమ్మా."

"సూది వదిలేసి వచ్చేదాన్ని. పరుగెత్తుకొచ్చేదాన్ని. వచ్చేదాన్ని కదూ?"

"వచ్చేవారు" అన్నాడు మేస్త్రి. "మీరు వచ్చేవారు. పిల్ల బతికేది."

మూడేళ్ళలో మొదటిసారి ఆవిడ గొంతెత్తి ఏడ్చింది.